ముగ్గురి మధ్య ఇద్దరు: అమోరిమ్ యునైటెడ్ ఎక్కడ తడబడింది

"మేనేజర్ని మార్చీసినారు గానీ ఆట మారనేదు." శనివారం రాత్రి మ్యాచ్ అయిపోయాక శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల బడ్డీల దగ్గర చేరే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులు ఏళ్ల తరబడి అంటున్న మాట ఇది. 2013లో మేనేజర్ (జట్టుని నడిపే కోచ్) ఫెర్గూసన్ తప్పుకున్నాక మోయెస్, వాన్ హాల్, మొరీన్యో, సోల్‌షేర్, టెన్ హాగ్, అమోరిమ్ అంటూ వరసగా వచ్చారు, వెళ్లారు. అందరినీ ఒకే గాటన కట్టేస్తే మాత్రం ఏమీ అర్థం కాదు. ఒక్కొక్కరి జట్టు ఓడిన తీరు వేరు. రూబెన్ అమోరిమ్ విషయంలో తప్పు ఎక్కడ జరిగిందో గ్రౌండ్ మీద వేలు పెట్టి చూపించొచ్చు. సెంటర్ సర్కిల్, దానికి కొంచెం కిందా పైనా ఉన్న జాగా. అక్కడ ఎప్పుడూ యునైటెడ్ మనిషి ఒకడు తక్కువ.

ముందు లెక్కలు చూద్దాం. 2024 అక్టోబర్ 28న టెన్ హాగ్‌ని తీసేశారు. వాన్ నిస్టల్‌రాయ్ నాలుగు మ్యాచ్‌లు నడిపించాడు. నవంబర్ 11న పోర్చుగల్ క్లబ్ స్పోర్టింగ్ లిస్బన్ నుంచి అమోరిమ్ వచ్చాడు. ఆ సీజన్లో అతని చేతికి వచ్చిన లీగ్ మ్యాచ్‌లు 27. అందులో 7 గెలిచారు, 6 డ్రా చేశారు, 14 ఓడిపోయారు. 27 మ్యాచ్‌లకి 27 పాయింట్లు. సీజన్ మొత్తం మీద 42 పాయింట్లతో 15వ స్థానం. ప్రీమియర్ లీగ్ (ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్) మొదలయ్యాక యునైటెడ్ అంత కిందికి ఎప్పుడూ పోలేదు. 38 మ్యాచ్‌ల్లో కొట్టినవి 44 గోల్స్, ఇచ్చుకున్నవి 54. మే 21న బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్ కూడా టోటెన్‌హామ్ చేతిలో 0-1తో పోయింది. ఆ టోటెన్‌హామ్ కూడా లీగ్‌లో 17వ స్థానంలో ముగించిన జట్టే.

అలాగని ఇతనికి ఆట తెలీదు అనడానికి వీల్లేదు. స్పోర్టింగ్‌కి 19 ఏళ్ల తర్వాత 2021లో లీగ్ టైటిల్ తెచ్చింది ఇతనే, మళ్లీ 2024లో ఇంకోటి. మాంచెస్టర్ వచ్చేటప్పటికి ఆ సీజన్ లీగ్‌లో ఆడిన 11 మ్యాచ్‌లూ గెలిచి వచ్చాడు. వచ్చే ముందు వారం, నవంబర్ 5న, గార్డియోలా మాంచెస్టర్ సిటీని 4-1తో కొట్టాడు. ఆ ఫార్మేషనే ఇక్కడా వాడాడు. మరి అక్కడ పనిచేసింది ఇక్కడ ఎందుకు పని చెయ్యలేదు?

అతని ఫార్మేషన్ 3-4-2-1. వెనక ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లు, అంటే గోల్ ముందు నడిమిన నిలబడే డిఫెండర్లు. వాళ్ల ముందు మధ్యలో ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు, రెండు అంచుల్లో ఇద్దరు వింగ్‌బ్యాక్‌లు. ఆ ముందు ఇద్దరు నంబర్ టెన్‌లు (స్ట్రైకర్ వెనక నుంచి దాడి అల్లేవాళ్లు), చివర ఒక స్ట్రైకర్. బంతి మన దగ్గర ఉన్నప్పుడు వింగ్‌బ్యాక్‌లు పైకి వెళ్లి ముందు వరసలో ఐదుగురు అవుతారు. బంతి పోగానే వాళ్లే వెనక్కి దిగి ఐదుగురు డిఫెండర్ల గోడ కడతారు. కాగితం మీద చాలా బాగుంటుంది. ముందుకి ఐదుగురు, వెనక్కి ఐదుగురు. ఆ రెండు ఐదుల నడుమ మిగిలేది ఇద్దరే.

ఎదుటి జట్టు 4-3-3 ఆడితే మధ్యలో వాళ్లు ముగ్గురు. ముగ్గురి మధ్య ఇద్దరు చిక్కుకుంటే ఎప్పుడూ ఒకడు ఖాళీగా దొరుకుతాడు. ఆ ఖాళీ మనిషిని మూయడానికి దారులు మూడున్నాయి. నంబర్ టెన్‌లలో ఒకడు కిందికి దిగి మూడో మిడ్‌ఫీల్డర్ అవ్వాలి. అప్పుడు ముందు ప్రెస్సింగ్ చెయ్యడానికి, అంటే బంతి ఉన్నవాడి మీదికి ఎగబడటానికి, ఇద్దరే మిగులుతారు, ఎదుటి సెంటర్‌బ్యాక్‌లు తాపీగా తలెత్తి పాస్‌లు వేస్తారు. లేదా వెనక ముగ్గురిలో ఒకడు ముందుకి దూకాలి. అలా దూకేవాడికి వేగం ఉండాలి, దూకినా బంతి దొరక్కపోతే వెనక పెద్ద గుంత. లేదా వింగ్‌బ్యాక్ ఎదుటి ఫుల్‌బ్యాక్ (అంచు డిఫెండర్) మీదికి ముందుగానే ఎగబడాలి, అప్పుడు నంబర్ టెన్ లోపలే ఉండి మధ్య దారి మూస్తాడు. స్పోర్టింగ్‌లో మూడూ కలిపి చేసేవారు, ఎప్పుడు ఏది చెయ్యాలో ఏళ్ల తరబడి అలవాటైపోయింది కాబట్టి. యునైటెడ్‌లో ఒకడు దూకితే పక్కవాడు దూకడు. అర సెకను తేడా వస్తుంది. ప్రీమియర్ లీగ్ మిడ్‌ఫీల్డర్‌కి అర సెకను చాలు.

దీన్ని ఒకే మ్యాచ్‌లో చూడాలంటే 2024 డిసెంబర్ 30న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో న్యూకాసిల్‌తో ఆడిన మొదటి 33 నిమిషాలు చూడండి. ఆ రోజు యునైటెడ్ మిడ్‌ఫీల్డర్లు ఉగార్తే, బ్రూనో ఫెర్నాండెస్ ఇద్దరూ సస్పెన్షన్‌లో ఉన్నారు. మధ్యలో కాసెమీరో, ఎరిక్సన్ ఆడారు. ఇద్దరికీ అప్పటికి 32 ఏళ్లు. ఎదురుగా బ్రూనో గిమరైన్స్, టొనాలి, జోలింటన్. ముగ్గురూ పరిగెత్తేవాళ్లే, ఒంటి బలం ఉన్నవాళ్లే. 4వ నిమిషంలో న్యూకాసిల్ ఆటగాడు హాల్ అంచు నుంచి గోల్ ముందుకి క్రాస్ వేస్తే ఇసాక్ హెడర్ కొట్టాడు. 19వ నిమిషంలో గోర్డన్ క్రాస్, జోలింటన్ హెడర్. హైలైట్స్ మాత్రమే చూస్తే "క్రాస్‌లు ఆపలేకపోయారు, డిఫెన్స్ దండగ" అనిపిస్తుంది. మొత్తం ఆట వేసుకుని, బంతిని వదిలేసి టొనాలిని మాత్రమే చూస్తూ ఉండండి. కాసెమీరో గిమరైన్స్ మీదికి వెళితే టొనాలి ఖాళీ. ఎరిక్సన్ టొనాలిని పట్టుకుంటే జోలింటన్ అతని వెనక నుంచి బాక్స్‌లోకి పరుగు. ఆ ఖాళీ మనిషిని చూసి యునైటెడ్ వింగ్‌బ్యాక్ ఒక అడుగు లోపలికి జరుగుతాడు, దాంతో అంచు ఖాళీ అవుతుంది. క్రాస్ పడేది పక్క నుంచే, దానికి దారి తీసేది మాత్రం మధ్యలోనే.

33వ నిమిషంలో అమోరిమ్ నంబర్ టెన్‌గా ఆడుతున్న జిర్క్‌జీని తీసేసి మైనుని దింపాడు. అంటే మధ్యలో మూడో మనిషిని పెట్టాడు. ఆ తర్వాత న్యూకాసిల్‌కి ఇంకో గోల్ రాలేదు. మ్యాచ్ 0-2తో పోయింది, అది వేరే సంగతి. జబ్బేంటో మేనేజర్‌కి తెలుసని ఆ మార్పే చెబుతోంది. తెలిసి కూడా తర్వాతి మ్యాచ్‌కి మళ్లీ మధ్యలో ఇద్దరితోనే రావడం నాకు మింగుడుపడని విషయం.

పొద్దున్నే గ్రౌండుకి వెళ్లే కుర్రాళ్లు దీన్ని తమ కాళ్లతోనే తెలుసుకోవచ్చు. నాలుగు చెప్పులు పెట్టి 18 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు గడి గీయండి. లోపల ముగ్గురు పాస్‌లు ఆడాలి, రెండు టచ్‌లకి మించకూడదు. ఇద్దరు ఆపాలి. ఒక నిమిషం ఆడి ఎన్ని పాస్‌లు అయ్యాయో పక్కనున్నవాడు లెక్కపెట్టాలి. ఆపేవాళ్లు మొదట్లో ఇద్దరూ కలిసి కదులుతారు. కాసేపటికి ఊపిరి అందక ఒకడు బంతి మీదికి పోతాడు, రెండోవాడు ఉన్నచోటే ఉండిపోతాడు. వాళ్ల మధ్య దూరం ఐదారు మీటర్లు దాటిందంటే పాస్ నేరుగా ఆ సందులోంచి పోతుంది. తర్వాత గడిని 25 బై 18 చేసి ఆడండి, పాస్‌ల సంఖ్య ఎగబాకుతుంది. ఇప్పుడు మూడో డిఫెండర్‌ని దింపండి. ఆట ఒక్కసారిగా బిగుసుకుంటుంది. ప్రీమియర్ లీగ్‌లో ఆ గడి వెడల్పు 68 మీటర్లు, ఆట 90 నిమిషాలు. ఆ ఇద్దరిలో ఒకరికి 32 ఏళ్లు దాటితే 60వ నిమిషం తర్వాత ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

వింగ్‌బ్యాక్‌ల గొడవ దీనికి అంటుకునే ఉంది. ఎడమ పక్క ఆడాల్సిన లూక్ షా, మలాసియా గాయాల మీద గాయాలతో ఉన్నారు. దాంతో కుడికాలి ఆటగాడు డాలో చాలా మ్యాచ్‌లు ఎడమ వైపు ఆడాడు. మంచి ఆటగాడే, కష్టపడతాడు. కానీ అంచున బంతి అందగానే దాన్ని కుడికాలి మీదికి తెచ్చుకోవడానికి లోపలికి తిరగాలి. ఆ తిరుగుడులో ఎదుటి డిఫెండర్ సర్దుకుంటాడు, బాక్స్‌లో పరుగు తీసిన స్ట్రైకర్ ఆగిపోతాడు. ఎడమకాలి వింగ్‌బ్యాక్ అయితే అదే బంతిని తిరక్కుండా నేరుగా గోల్ ముందుకి వేస్తాడు. 2025 ఫిబ్రవరిలో ఇటలీ క్లబ్ లెచె నుంచి డోర్గుని కొన్నది అందుకే. కుడి వైపు అమద్‌ని ఆడించడం పైకి వెళ్లేటప్పుడు గొప్పగా పనిచేసింది. 2024 డిసెంబర్ 15న సిటీ మీద 90వ నిమిషం గోల్ అతనిదే. వెనక్కి దిగాల్సి వచ్చినప్పుడు మాత్రం అతను పుట్టు డిఫెండర్ కాదని తెలిసిపోయేది.

స్ట్రైకర్ సంగతి క్లుప్తంగా. స్పోర్టింగ్‌లో గ్యోకెరెస్ 2023-24లో అన్ని పోటీల్లో కలిపి 43 గోల్స్ కొట్టాడు. యునైటెడ్‌లో హోయ్‌లండ్ 2024-25 లీగ్‌లో కొట్టినవి 4.

ఇక మనవాళ్లు సాధారణంగా లెక్కలోకి తీసుకోని విషయం ప్రాక్టీసు రోజులు. అమోరిమ్ మొదటి మ్యాచ్ నవంబర్ 24న ఇప్స్‌విచ్‌తో. అక్కడి నుంచి డిసెంబర్ 30 న్యూకాసిల్ మ్యాచ్ దాకా యునైటెడ్ 11 మ్యాచ్‌లు ఆడింది. రెండు మ్యాచ్‌ల మధ్య తేడా మూడు రోజులు, లేకపోతే నాలుగు. ఒక్కసారి మాత్రం ఐదు. మూడు రోజుల తేడా అంటే ఏమిటో చూడండి. మ్యాచ్ మర్నాడు ఆడినవాళ్లకి సైకిల్, మసాజ్, స్విమ్మింగ్ పూల్. ఆ మర్నాడు ఎదుటి జట్టు వీడియో, తేలిక నడకతో పొజిషన్లు, కాసేపు కార్నర్లు. మూడో రోజు మళ్లీ మ్యాచ్. ఎవరు ఎప్పుడు దూకాలి అనే అలవాటు కుదరాలంటే పూర్తి వేగంతో, పదకొండు మందికి పదకొండు మంది ఎదురుగా, అదే పరిస్థితిని మళ్లీ మళ్లీ ఆడించాలి. దానికి రోజే లేదు. జూలైలో వచ్చే మేనేజర్‌కి ఐదారు వారాల ప్రీ సీజన్ దొరుకుతుంది. నవంబర్‌లో వచ్చినవాడు మ్యాచ్‌లోనే నేర్పించుకోవాలి, ఆ నేర్పుకి ఫీజు పాయింట్లలో కట్టాలి. డిసెంబర్ 4న ఆర్సెనల్ కొట్టిన రెండు గోల్సూ కార్నర్ల నుంచే వచ్చాయి. కార్నర్ డిఫెన్స్ చేతులు జోడించి అడిగేది ప్రాక్టీసు టైమునే.

జట్టులో పెద్ద పేర్లని పక్కన పెట్టడం గురించీ చాలా మాటలు నడిచాయి. సిటీతో మ్యాచ్‌కి రాష్‌ఫర్డ్, గర్నాచో ఇద్దరినీ జట్టులోకే తీసుకోలేదు. ఫిబ్రవరికి రాష్‌ఫర్డ్ ఆస్టన్ విల్లాకి అప్పుగా వెళ్లాడు. విజయనగరం వాళ్లకి ఈ రకం కథ కొత్త కాదు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్ విజ్జీ. మొదటి టెస్టుకి ముందే లాలా అమర్‌నాథ్‌ని ఇంటికి పంపించేశారు. మూడు టెస్టుల్లో రెండు ఓడిపోయాం. క్రమశిక్షణ పేరుతో ఆటగాణ్ని పంపించేటప్పుడు అతని జాగాలో ఎవరున్నారో ముందు చూసుకోవాలి. రాష్‌ఫర్డ్ జాగాలో అప్పటికి గోల్ కొట్టే మనిషి యునైటెడ్‌కి లేడు. నిర్ణయం సరైనదే అయినా దాని ఖరీదు ఆ సీజన్ కట్టక తప్పలేదు.

"ఓపిక పట్టాలి, మేనేజర్ ఆర్టెటా విషయంలో ఆర్సెనల్ పట్టలేదా" అనే వాదన ఉంది. పట్టింది నిజమే, అయితే దేన్ని చూసి పట్టిందో కూడా చెప్పాలి. 2020 డిసెంబర్‌లో ఆర్సెనల్ 14 మ్యాచ్‌లకి 14 పాయింట్లతో 15వ స్థానంలో ఉంది. డిసెంబర్ 26న చెల్సీ మీద స్మిత్ రోని మధ్యలో నంబర్ టెన్‌గా ఆడించి 3-1తో గెలిచారు. ఆ మ్యాచ్ నుంచి మిగిలిన 24 మ్యాచ్‌ల్లో 47 పాయింట్లు వచ్చాయి. దాదాపు మ్యాచ్‌కి రెండు. స్థానం 8 దగ్గరే ఆగిపోయింది కానీ, కొరత ఎక్కడుందో మేనేజర్ కనిపెట్టాడు, అక్కడ మనిషిని పెట్టాడు, ఫలితం వెంటనే కనిపించింది. గార్డియోలా మొదటి సీజన్, 2016-17, కూడా ఇలాంటిదే. ఒక్క ట్రోఫీ లేదు, జనవరిలో ఎవర్టన్ చేతిలో 0-4. సిటీ ఫుల్‌బ్యాక్‌లు జబలేటా, సాన్యా, క్లీషీ, కొలరోవ్ నలుగురూ ముప్ఫై దాటినవాళ్లు. గార్డియోలా ఆటకి అంచున పరిగెత్తే కుర్రాళ్లు కావాలి. 2017 వేసవిలో వాకర్, మెండీ, డానిలోలని, గోల్ కీపర్ ఎడెర్సన్‌నీ కొన్నారు. మరుసటి సీజన్ 100 పాయింట్లు.

దీనికి పూర్తి విరుద్ధం డేవిడ్ మోయెస్. 2012-13లో 89 పాయింట్లతో టైటిల్ గెలిచిన యునైటెడ్ జట్టే అతని చేతికి వచ్చింది, 64 పాయింట్లతో ఏడో స్థానంలో ముగిసింది. సీజన్ ముగియకముందే, 2014 ఏప్రిల్ 22న, అతన్ని తీసేశారు. ఫెర్గూసన్ దగ్గర పనిచేసిన కోచ్‌లని మార్చేసి ఎవర్టన్ నుంచి తనవాళ్లని తెచ్చుకున్నాడు. 2014 ఫిబ్రవరి 9న పట్టికలో అట్టడుగున ఉన్న ఫుల్‌హామ్ మీద ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 81 క్రాస్‌లు వేసి 2-2 డ్రా చేసుకున్నారు. అక్కడ ఆటగాళ్ల కొరత కన్నా ఆలోచన కొరత ఎక్కువ. రెండో దారి లేని జట్టే ఒకే దారిలో 81 సార్లు పోతుంది.

ఇప్పుడు మళ్లీ అమోరిమ్ దగ్గరికి. 2025 వేసవిలో కూన్యాకి 62.5 మిలియన్ పౌండ్లు, ఎంబ్యూమోకి 65, సెస్కోకి 66 పైన పెట్టారు, బోనస్‌లు అదనం. గోల్ కీపర్ లామెన్స్‌ని కూడా తెచ్చారు. మొదటి ముగ్గురూ ముందు ఆడేవాళ్లే, ముగ్గురూ పనికొచ్చేవాళ్లే. మధ్యలో ఆడే మనిషిని ఒక్కణ్నీ కొనలేదు. న్యూకాసిల్ మ్యాచ్‌లో 33వ నిమిషానికే బయటపడ్డ కొరత అది. అంత డబ్బు పోసీ ఆ జాగాని అలాగే వదిలేశారు. దీనికి మేనేజర్ ఒక్కణ్నే తిట్టడం న్యాయం కాదు, కొనుగోళ్లు చూసే పెద్దలదీ అంతే బాధ్యత. ఫలితం, కాసెమీరో పక్కన బ్రూనో ఫెర్నాండెస్‌ని వెనక్కి దింపి ఆడించారు. జట్టులో గోల్‌కి దారి వేసే ఒకే ఒక్క మనిషి, గోల్‌కి 40 మీటర్ల దూరంలో కాపలా కాశాడు.

ఆగస్టు 27న నాలుగో డివిజన్ జట్టు గ్రిమ్స్‌బీ చేతిలో పెనాల్టీల్లో 11-12తో లీగ్ కప్ నుంచి పోయారు. అక్టోబర్‌లో సండర్‌లాండ్, లివర్‌పూల్, బ్రైటన్ మీద వరసగా గెలిచారు. లీగ్‌లో వరసగా రెండు మ్యాచ్‌లు గెలవడానికే అమోరిమ్‌కి దాదాపు ఏడాది పట్టింది. 2026 జనవరి 4న లీడ్స్‌తో 1-1 డ్రా అయింది, మర్నాడే పంపేశారు. అప్పుడు జట్టు ఆరో స్థానంలో ఉంది.

మేనేజర్ మారిన ఏ పెద్ద క్లబ్‌నైనా మీరే అంచనా కట్టుకోవచ్చు, టీవీ ముందు ఒక కాగితం చాలు. మొదటి 15 నిమిషాలు బంతిని చూడకండి. సెంటర్‌బ్యాక్ దగ్గర బంతి ఉన్నప్పుడు వింగ్‌బ్యాక్‌లు సగం గీత దాటి నిలబడ్డారా, కిందే ఉన్నారా రాసుకోండి. కిందే ఉంటే జట్టు భయపడుతోందని అర్థం. ఎదుటి జట్టులో ఖాళీగా ఉన్న మిడ్‌ఫీల్డర్ ఎవరు, అతని మీదికి ఎవరు వెళ్తున్నారు, ప్రతిసారీ ఒకడే వెళ్తున్నాడా చూడండి. ఒక్కోసారి ఒక్కొక్కడు వెళ్తుంటే వాళ్లకి ఇంకా నేర్పడం పూర్తి కాలేదు. గోల్ కీపర్ పొడుగ్గా కొట్టిన బంతి కింద పడ్డాక మొదట ఎవరి కాలికి తగులుతోందో పది సార్లు లెక్కపెట్టండి. పదిలో ఏడు ఎదుటివాళ్లకి పోతుంటే మధ్యలో మనుషులు చాలడం లేదు. 60వ నిమిషం దాటాక ఇవే మూడూ మళ్లీ చూడండి.

అంకెలు కావాలంటే ఎక్స్‌జీ చూడండి. ప్రతి షాట్‌కి గోల్ అయ్యే అవకాశం ఎంతో చెప్పే లెక్క అది. పెనాల్టీకి 0.78 దాకా ఇస్తారు, బాక్స్ బయట నుంచి కొట్టే మామూలు షాట్‌కి 0.03, 0.05 అలా. ఒక్క మ్యాచ్ అంకె చూసి తీర్పు ఇవ్వకూడదు. పది మ్యాచ్‌ల ఎక్స్‌జీ కూడి, ఎదుటి జట్లది కూడి, తేడా తీయండి. ఆ తేడా పెరుగుతూ ఫలితాలు రాకపోతే అది దురదృష్టం, ఆగొచ్చు. తేడా కూడా కదలకపోతే పట్టిక చెప్పేది నిజమే. ప్రెస్సింగ్ లెక్కకి పీపీడీఏ ఉంది. మనం ఒక ట్యాకిలో, ఇంటర్‌సెప్షనో, ఫౌలో చేసేలోపు ఎదుటివాళ్లు వాళ్ల వైపు ఎన్ని పాస్‌లు ఆడారో చెబుతుంది. 8 నుంచి 10 ఉంటే గట్టిగా ప్రెస్ చేస్తున్నట్టు, 14 దాటితే చూస్తూ నిలబడ్డట్టు.

కొత్తవాడు రాగానే వచ్చే మొదటి నాలుగైదు గెలుపుల్ని కాస్త తగ్గించి లెక్కేసుకోండి. వరసగా ఓడినప్పుడే మేనేజర్ని మారుస్తారు. ఆ ఓటముల్లో కొంత దురదృష్టం కలిసే ఉంటుంది, మేనేజర్ మారకపోయినా అది తనంతట తనే సర్దుకునేది. ఆరో మ్యాచ్ నుంచి కాగితం మీద రాయడం మొదలుపెట్టండి, పదిహేనో మ్యాచ్‌కి ఒక తీరు కనిపిస్తుంది. టైములు గుర్తుంచుకోండి: అక్టోబర్ చివరి ఆదివారం ఇంగ్లండ్‌లో గడియారం వెనక్కి జరుపుతారు, అక్కడి మూడు గంటల మ్యాచ్ మనకి రాత్రి 7.30 నుంచి 8.30కి మారుతుంది. మళ్లీ మార్చి చివరి ఆదివారం 7.30కి వస్తుంది. వారం మధ్యలో అక్కడ రాత్రి ఎనిమిదికి ఆడే మ్యాచ్‌లు చలికాలంలో మనకి 1.30కి. మర్నాడు ఉద్యోగం ఉన్నవాళ్లు పొద్దున మొత్తం మ్యాచ్ రీప్లే వేసుకుని మొదటి 15 నిమిషాలు, 60 నుంచి 75 మాత్రం చూసినా ఈ లెక్కకి సరిపోతుంది.